దూరపు చుక్క

నాకు పగవాళ్ళు లేకపోలేదు. కానీ పగబట్టినవాడెవడూ చెయ్యలేనంత కీడు, నవ్వుతూ, నా డబ్బులతో టీ తాగుతూ చేసినవాడు మాటలమూట. ఆ పేరు మా వీధివాళ్ళు పెట్టింది. వాడు ఫోన్ల డిస్ట్రిబ్యూటరు. మోటారుసైకిలు వెనక అట్టపెట్టెలు కట్టుకుని దుకాణం దుకాణానికీ తిరిగేవాడు. పెట్టెల్లో సరుకు కన్నా నోట్లో సరుకు ఎక్కువ. ఈరోజుకీ ఎదురైతే చెయ్యూపి "ఏం అన్నా, బాగున్నావా" అంటాడు. బాగున్నానో లేదో వాడికి తెలియదా.

మాది సెల్‌ఫోన్ల దుకాణం. అమ్మకాలు, రిపేర్లు, రీఛార్జిలు. బల్లకు ఒక పక్క నేను పగిలిన అద్దాలు మార్చుకుంటూ కూర్చుంటే, రెండో పక్క మా ఆవిడ రీఛార్జిలు చూసుకునేది. చిన్న గదే గానీ సొంతం. అద్దె కట్టక్కర్లేదు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాం. అలాంటి రోజుల్లో మాటలమూట పిచ్చుక ఫోను తెచ్చాడు.

ఆన్ చెయ్యగానే తెర మీద చిన్న పిచ్చుక బొమ్మ ఎగురుతుంది, అందుకని జనం దానికి ఆ పేరే ఖాయం చేశారు.

"ఫోను డబ్బా ఎవడు చేసినా ఒకటే అన్నా," అన్నాడు మాటలమూట. "లోపల నడిపించే సిస్టమ్ ఉంది చూశావూ, దానిదే ప్రాణం. పెద్ద కంపెనీల సిస్టమ్ తెచ్చి చవక ఫోన్లో పెట్టడం, రిక్షాకి లారీ ఇంజను బిగించడం లాంటిది. అందుకే చవక ఫోన్లన్నీ నొక్కిన పూటకి కాక మర్నాటికి తెరుచుకుంటున్నాయి. ఇది అలా కాదు, చవక ఫోను కోసమే పుట్టిన సిస్టమ్."

వాడు అబద్ధం చెప్పలేదు. నా ఏడుపల్లా అదే. పిచ్చుక నిజంగానే చురుగ్గా నడిచేది. అక్షరాలు పెద్దవి. ఒకసారి ఛార్జింగు పెడితే రెండు రోజులు వచ్చేది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, కాపలావాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, కూరగాయల బళ్ళవాళ్ళు ఎగబడి కొన్నారు. నేను సరుకు అప్పుగా ఎత్తాను, దానికి హామీగా గది కాగితాలు మాటలమూట చేతిలో పెట్టాను. "కాగితాలు నీ దగ్గరుంటే ఏంటి, నా దగ్గరుంటే ఏంటి, గదికేమన్నా కాళ్ళున్నాయా" అన్నాడు. మా ఆవిడ ఆ మాటకి నవ్వలేదు. నేనే నవ్వాను.

అయితే ఆ ఫోనుతో ఒక తిరకాసు ఉంది. మొదటిసారి తెరవగానే ఖాతా అడిగేది. ఈమెయిలు, పాస్‌వర్డు, పుట్టిన తేదీ. ఖాతా లేకపోతే ముందుకు కదలదు. కూరగాయల బండి ఆవిడకి ఈమెయిలు ఎక్కణ్ణుంచి తేను? పుట్టిన తేదీ అడిగితే "వానాకాలంలో పుట్టానంట" అనేది. మెమరీ తక్కువున్న ఫోను ఎలా నడవాలో తలలు బద్దలు కొట్టుకుని ఆలోచించినవాళ్ళు, ఈమెయిలు లేని మనిషి ఆ ఫోను ఎలా తెరుస్తాడో ఒక్క పూట ఆలోచించలేదు. మొదట్లో ఒక్కొక్కరికీ నేనే ఖాతా పుట్టించి ఇచ్చాను. మర్నాటికి పాస్‌వర్డు మర్చిపోయి మళ్ళీ వచ్చేవాళ్ళు. పని ముందుకు సాగేది కాదు.

"ఎంత అమాయకుడివన్నా," అన్నాడు మాటలమూట టీ ఊదుకుంటూ. "అందరికీ నీ ఖాతాయే కొట్టెయ్. అన్ని దుకాణాల్లో జరిగేది అదే. వాళ్ళకి ఫోను మోగితే చాలు, లోపల ఎవరి పేరుంటే వాళ్ళకెందుకు."

అలాగే కొట్టాను. ఒకరి నంబర్లు ఇంకొకరి ఫోన్లోకి పోకుండా నంబర్లు కలిపే మీట ఒకటి ఆపేసి ఇచ్చేవాణ్ణి. అది తప్ప ఆ ఖాతాలో ఇంకేమేమి ఉన్నాయో నేనూ చూడలేదు, చూపించినవాడూ లేడు. చూస్తుండగానే మా వీధిలో, చుట్టుపక్కల వీధుల్లో మూడొందలకు పైగా ఫోన్లు నా ఒక్కడి ఖాతా మీద నడుస్తున్నాయి.

ఇక మా అక్క సంగతి. నన్ను పెంచింది అమ్మ కాదు, అక్క. నా చదువు ఆరో క్లాసులో ఆగిపోతే నాలుగు రోజులు అన్నం మానేసింది, అలాంటి మనిషి. ఆమెను కట్టుకున్న మా బావది తాళాల పని. తాళం చెవి పోగొట్టుకున్నవాళ్ళు ఆయన్ని పిలుచుకుపోతారు. సన్నటి ఇనుప పుల్ల ఒకటి లోపలికి పెట్టి, చెవి దగ్గరగా ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. ఎంతసేపైనా వింటాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. అక్క చేతి మణికట్టు విరిచిన రోజు కూడా ఆ ఇంట్లోంచి అరుపు బయటికి రాలేదని పక్కింటివాళ్ళు చెప్పారు. అక్క గదిలోకి పోయి గడియ పెట్టుకున్నా లాభం లేదు, ఆయనకి మూసిన తలుపంటే పని దొరికినట్టే. రెండుసార్లు పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళాను. మొగుడూ పెళ్ళాల గొడవ, ఇంటికి పొండి అన్నారు. ఆయన బయట బెంచీ మీద కూర్చుని మర్యాదగా ఎదురుచూశాడు.

యాభై దాటిన వయసులో అక్క ఒకరోజు పొద్దున్నే చేతి సంచీతో దుకాణానికి వచ్చింది. "ఈసారి మెడ పట్టుకున్నాడురా" అంది, అంతే. తన ఫోను ఇంట్లోనే వదిలేసి వచ్చింది. బస్సెక్కించే ముందు కొత్త నంబరు వేసి ఒక పిచ్చుక ఫోను చేతికిచ్చాను. ఆ తొందరలో చెయ్యి అలవాటు ప్రకారం దానికీ నా ఖాతాయే కొట్టింది.

బస్సులో సగం రోజు దూరంలో ఉన్న పెద్ద ఊళ్ళో అక్కకి పని దొరికింది. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి మడతపెట్టే లాండ్రీ. అక్కడే పై అంతస్తులో ఆడవాళ్ళు ఉండే గదులు. ఏ పేటో, ఏ వీధో మాక్కూడా చెప్పలేదు. "మీకు తక్కువ తెలిస్తేనే మంచిది" అంది. ఆదివారం ఫోను చేసేది, అంతే.

బావ మాత్రం వారానికోసారి దుకాణానికి వచ్చేవాడు. స్టూలు లాక్కుని కూర్చుని, జేబురుమాలుతో చేతులు తుడుచుకుని, "ఏం బామ్మర్దీ, మీ అక్క ఏమైనా కబురు పెట్టిందా" అనేవాడు. లేదనేవాణ్ణి. "పెడితే చెప్పు, పాపం ఆరోగ్యం అంతంతమాత్రం" అనేవాడు. ఆయన లేచి వెళ్ళాక మా ఆవిడ ఆ స్టూలుని తడిగుడ్డతో తుడిచేది. ఎందుకు తుడుస్తున్నావని నేను ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడాది చివర్లో పిచ్చుక రెక్కలు విరిగాయి. అందరూ వాడే మెసేజీల యాప్ వాళ్ళు, పిచ్చుక ఫోన్లలో ఇక మాది నడవదు అని ప్రకటించి ఆపేశారు. అంతే, ఫోను బాగానే ఉన్నా అది ఉత్త డబ్బా అయిపోయింది. అప్పటికి గానీ నాకు తెలియలేదు, జనం కొనేది ఫోను కాదు, ఆ ఫోన్లో దొరికే మనుషుల్ని. ఊరంతా ఉన్న చోట నువ్వు లేకపోతే నీ ఫోను ఎంత చురుగ్గా ఉంటే ఏం, ఊరిబయట కట్టిన పెళ్ళిపందిరి. పైగా పెద్ద కంపెనీ సిస్టమ్ ఉన్న ఫోను మొరాయిస్తే పక్కింటి పిల్ల వచ్చి సరిచేస్తుంది, పిచ్చుక మొరాయిస్తే నేను తప్ప దిక్కు లేదు. కంపెనీకి ఫోను చేస్తే సంగీతం వినిపించేది. కొన్నాళ్ళకి అదీ ఆగిపోయింది. కొత్త ఖాతాలు పుట్టడం మానేశాయి. కంపెనీ మెషీన్లు ఏదో ఒక మూల ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి పాత ఖాతాలు మాత్రం నడుస్తున్నాయి.

విచిత్రం ఏంటంటే, నా దగ్గర మిగిలిన సరుకుని ఆ పాత ఖాతాయే కాపాడింది. వేరే దుకాణాల్లో పిచ్చుకలు తెరుచుకోక పెట్టెల్లో ఉండిపోతే, నేను నా ఖాతా కొట్టి, సగం ధరకి, మాట్లాడుకోవడానికి మాత్రమే అని చెప్పి అమ్ముతున్నాను. ఇంకో మూడు నాలుగు నెలలు అలా సాగితే మాటలమూట లెక్క తీరిపోతుంది, గది కాగితాలు ఇంటికి వస్తాయి. ఆ ఖాతా బతికుంటే దుకాణం బతికుంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఎండకి వీధిలో జనం పల్చబడ్డారు. మా ఆవిడ క్యారేజీ విప్పుతోంది. బావ వచ్చి స్టూలు లాక్కున్నాడు. ఆయన రోజు కాదది.

"మెసేజీలు రావట్లేదు బామ్మర్దీ," అన్నాడు, మొదట్లో నేనే అమ్మిన తన పిచ్చుకని బల్ల మీద పెడుతూ. "ఎక్కడో దాక్కుని ఉంటాయని లోపలంతా వెతికాను. ఒక్కొక్కటీ నొక్కి చూశాను. మెసేజీలు దొరకలేదు గానీ ఇదేదో తెరుచుకుంది. ఈ చుక్కలేంటి?"

వంగి చూశాను. తెర మీద ఊరి పటం ఉంది. పైన 'నా ఫోన్లు' అని రాసి ఉంది. పటం నిండా నీలం చుక్కలు. మా వీధి మీద చీమలు ముసిరినట్టు ముసిరి ఉన్నాయి. చూపు తిప్పకుండా ఆయన నా మొహం చూస్తున్నాడు. తాళం చూసినట్టు.

"టవర్లు బావా," అన్నాను.

"టవర్లా."

"ఆఁ. సిగ్నల్ టవర్లు."

ఆయన కాసేపు తెర వైపు చూశాడు. "టవర్లు నడుస్తాయా?" అన్నాడు నెమ్మదిగా. "ఇది చూడు. ఇందాకణ్ణుంచి మార్కెట్ వైపు పోతోంది. మలుపు కూడా తిరిగింది. ఈ టవరుకి కాళ్ళొచ్చాయా బామ్మర్దీ?"

మా ఆవిడ చేతిలో క్యారేజీ గిన్నె అలాగే ఉండిపోయింది. ఏదో ఒకటి చెయ్యాలి, ఆ ఫోను ఆయన చేతిలోంచి రావాలి, అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. అక్కడే నేను చేతులారా చెడగొట్టాను.

"పాడైపోయింది బావా అది. ఈ ఫోన్లు అన్నీ అంతే. ఇటిచ్చెయ్, కొత్త ఫోను ఇస్తాను. పెద్ద కంపెనీది. మెసేజీలన్నీ వస్తాయి."

"ఎంత?"

"నీ దగ్గర డబ్బులేంటి బావా. ఊరికే తీసుకో."

బావ నవ్వాడు. నేను ఆయన నవ్వు చూసింది చాలా తక్కువ. "దుకాణం పెట్టిన పదిహేనేళ్ళలో నాకు ఒక ఛార్జరు తీగ ఊరికే ఇచ్చావా నువ్వు?" అన్నాడు. ఫోను తన వైపు తిప్పుకున్నాడు. వేలు పెట్టి ఒక చుక్క చూపించాడు. "ఇది నేనన్న మాట. దీని పక్కన అంటుకుని ఉన్నది నీ బల్ల మీద ఫోను. అవునా? నువ్వు అమ్మిన ఫోన్లన్నీ ఇందులో ఉన్నాయన్న మాట."

ఇనుప పుల్ల తగలాల్సిన చోట తగిలింది, ఆయనకి వినిపించింది.

ఆయన పటాన్ని వేలితో పక్కకి జరుపుతూ పోయాడు. మా ఊరు దాటింది. హైవే వచ్చింది. పొలాలు, ఖాళీ. ఇంకా జరిపాడు. దూరంగా, పెద్ద ఊరు పేరు మీద, ఒక్కటే ఒక్క చుక్క.

"అందరూ ఇక్కడే ఉంటే, ఈ ఒక్కళ్ళు ఇంత దూరం ఎందుకు పోయారో," అన్నాడు.

"ఎవరో లారీ డ్రైవరు కొనుక్కున్నాడు అన్నయ్యగారూ," అంది మా ఆవిడ. గొంతు మామూలుగానే వచ్చింది. ఆ క్షణం ఆమెకి దండం పెట్టాలనిపించింది.

"లారీ డ్రైవరు ఒకే చోట ఉంటాడమ్మా?" అన్నాడు బావ. "రెండు రోజులుగా చూస్తున్నాను. అడుగు కదల్లేదు." లేచి స్టూలు మళ్ళీ బల్ల కిందకి నెట్టాడు. జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. "మీ అక్కకి కాళ్ళు వాస్తాయి. ఎక్కువ తిరగలేదు. పాపం."

మెట్టు దిగి బస్టాండు వైపు వెళ్ళాడు. తొందర ఏమీ లేదు ఆ నడకలో.

నేను వెంటనే పిచ్చుక కాని నా పాత ఫోను తీసి అక్కకి చేశాను. మోగింది, మోగింది, ఆగింది. మళ్ళీ చేశాను. లాండ్రీలో మెషీన్ల దగ్గరికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర చెక్క అరల్లో పెట్టి పోవాలి. సాయంత్రం పని దిగేదాకా ఆ ఫోను ఆ అరలో ఒంటరిగా మోగుతూనే ఉంటుంది. ఆఫీసు నంబరు మా దగ్గర లేదు. మామూలు ఎస్సెమ్మెస్ పెట్టాను. చూసేసరికి సాయంత్రం అవుతుంది. సాయంత్రానికి బస్సు ఆ ఊరు చేరుతుంది.

"పని దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన అక్కడ నుంచుని ఉంటాడు," అంది మా ఆవిడ.

"ఊరు తెలిసింది గానీ వీధి తెలియదు కదా."

"ఆ పిచ్చుక తీయండి. ఆ చుక్కని రెండు వేళ్ళతో లాగండి."

బల్ల మీది పిచ్చుకలో 'నా ఫోన్లు' తెరిచి లాగాను. పటం పెద్దదైంది. ఊరు, పేట, వీధి, వీధిలో ఒక రేకుల షెడ్డు, గేటు. చుక్క ఆ గేటు పక్కనే ఉంది. బావకి ఇలా లాగవచ్చని ఇంకా తెలిసి ఉండదు. తెలియడానికి ఎంతసేపు. దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని వేళ్ళతో వెతుకుతూనే ఉంటాడు. ఆ వేళ్ళకి ఓర్పు ఎక్కువ.

మాటలమూటకి ఫోను చేశాను.

"ఖాతాలోంచి ఒక్క ఫోను తీసెయ్యాలి. ఎలా?"

"ఒక్కటి తీసే మీట కొత్త వెర్షన్లో పెడతామన్నారన్నా."

"అదెప్పుడొస్తుంది?"

"కంపెనీయే లేచిపోతే వెర్షన్ ఎవరు కంటారు?" నవ్వాడు.

"పాస్‌వర్డు మారుస్తాను. అప్పుడు అన్నీ ఆగిపోతాయి కదా."

"మార్చాలంటే నీకు అంకెల మెసేజీ రావాలి. ఆ మెసేజీలు పంపేవాళ్ళకి కంపెనీ బాకీ. ఎప్పుడో ఆపేశారు. ఏమైందన్నా, గొంతు అదోలా ఉంది?"

"మా అక్క ప్రాణం మీదకొచ్చింది."

"అయ్యో. ఇంటి గొడవలు నాకెందుకులే అన్నా." కాస్త ఆగాడు. "ఖాతా మొత్తం మూసెయ్యచ్చు. దానికి అంకెలు అక్కర్లేదు. కానీ పిచ్చిపని చెయ్యకు. మూశావంటే దాని మీద ఉన్న ప్రతి ఫోనూ తుడిచిపెట్టుకుపోతుంది. ఫోటోలు, నంబర్లు, అన్నీ. మళ్ళీ ఖాతా అడుగుతుంది, కొత్త ఖాతా పుట్టదు. కాల్ కూడా పోదు. నీ దగ్గరున్న పెట్టెలు ఇటుకలే ఇక. నా లెక్క మాత్రం నాకు రావాలి."

తెరిచి చూస్తే నిజమే. తాళం మార్చడానికి సవాలక్ష అడుగుతుంది. ఇల్లు కూల్చడానికి పాత పాస్‌వర్డు ఒక్కటి చాలు. అడుగున ఎర్ర అక్షరాలతో 'ఖాతా మూసివేయి' అని ఉంది.

పటం మళ్ళీ చూశాను. మా వీధి చుక్కల గుంపులోంచి ఒక చుక్క విడిపోయి హైవే ఎక్కింది. చిన్నగా, ఆగి ఆగి, జరుగుతోంది. బస్సు ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊళ్ళో ఆగుతోంది. మళ్ళీ కదులుతోంది. అటు చివర గేటు పక్క చుక్క మాత్రం కదలడం లేదు. నేను చాలా భయాలు చూశాను. అప్పులవాళ్ళు తలుపు కొట్టడం చూశాను, నా కొడుక్కి జ్వరం దిగకపోవడం చూశాను. కానీ భయం ఇలా నీలం రంగులో, చప్పుడు లేకుండా, పటం మీద పాకడం ఎప్పుడూ చూడలేదు. కళ్ళు మూసుకుంటే ఇంకా దగ్గరికి వచ్చేసినట్టుండేది. తెరిచేవాణ్ణి.

"మూడొందల ఇళ్ళు," అన్నాను. "మన వీధి కాపలా మామ ఫోన్లో చచ్చిపోయిన కూతురి గొంతు ఉంది. రోజూ పెట్టుకు వింటాడు."

మా ఆవిడ క్యారేజీ మూసి పక్కన పెట్టింది.

"దుకాణం పోతుంది. పిల్లల చదువులు."

"పోతుంది," అంది.

"ఆయన వెళ్ళినా బుజ్జగించి తీసుకొస్తాడేమో. మనం అనవసరంగా—"

"మణికట్టుకి కట్టు కట్టించింది నేను," అంది మా ఆవిడ. "మీరు రిక్షా కోసం వెళ్ళారు. ఎముక చర్మం కింద కదలడం నేను చూశాను, మీరు చూడలేదు. మెడకి కట్టు ఎవరు కడతారు?"

లేచి వెళ్ళి షట్టరు సగానికి దించింది. వెలుతురు మా కాళ్ళ దగ్గర ఆగిపోయింది. నా పక్కన వచ్చి నిలబడింది. నొక్కమనీ అనలేదు, వద్దనీ అనలేదు. తేల్చుకోలేక గంటలు గడిచాయి, హైవే మీద చుక్క సగం దారి దాటింది.

నొక్కాను. 'మీకు ఖచ్చితమేనా' అని అడిగింది. మళ్ళీ నొక్కాను. చేతి వేలు చెమటకి జారి ఒకసారి తప్పిపోయింది, అప్పుడు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. మూడోసారి నొక్కితే తెర నల్లబడింది. పిచ్చుక ఎగిరింది. 'స్వాగతం. ఖాతా తెరవండి' అని వచ్చింది. చుక్కలు లేవు, ఊళ్ళు లేవు, అక్క లేదు.

షట్టరు కింద నుంచి మొదట కనిపించినవి కూరగాయల బండి ఆవిడ చెప్పులు. "అయ్యా, ఉన్నట్టుండి ఫోను చచ్చింది, కాస్త చూడు" అంటోంది. ఆ తర్వాత ఇంకో రెండు జతలు. ఆ తర్వాత లెక్క లేదు.

కంపెనీ ఆపేసిందని చెప్పాను. అంతకన్నా ఏం చెప్పను? నేనే మూశానంటే ఎందుకు మూశావంటారు, ఎందుకో చెబితే రేపో మాపో బావ చెవిన పడుతుంది, ఆ చుక్క అక్కేనని ఖాయమైపోతుంది. "కంపెనీ మాకు తెలుసా, మాకు తెలిసింది నువ్వు," అన్నారు. అదీ నిజమే. ఒకడు బల్ల అద్దం పగలగొట్టాడు. కాపలా మామ ఏమీ పగలగొట్టలేదు. ఫోను చెవికి ఆనించుకుని చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

చీకటి పడే వేళకి నా పాత ఫోనుకి తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది.

"నా ఫోను పాడైపోయిందిరా," అంది అక్క. "ఎవరో పిల్ల ఫోను అడిగి చేస్తున్నాను. నీ నంబరొక్కటే నాకు నోటికొచ్చు."

"ఎక్కడున్నావక్కా?"

"గేటు దగ్గర. ఇప్పుడే పని దిగాను."

"లోపలికి పో. బావ ఆ ఊళ్ళో ఉన్నాడు."

అవతల మెషీన్ల రొద ఒక్కటే. తర్వాత ఇనుప గేటు జరిపిన చప్పుడు. "ఎలా తెలిసింది?" అంది, గొంతు తగ్గించి.

చెప్పాను. చుక్కలు, టవర్లు, కొత్త ఫోను ఊరికే ఇస్తాననడం, అన్నీ చెప్పాను. అంతా విని, "నీ మొహం చూసి కనిపెట్టాడన్న మాట," అంది. తిట్టినట్టు లేదు. చిన్నప్పుడు నేను అబద్ధం ఆడితే పట్టుకుని నవ్వేది, అచ్చం అలాగే ఉంది ఆ గొంతు. "రేపు పొద్దున్నే ఇక్కణ్ణుంచి పోతాను. ఎక్కడికో నీకు చెప్పను. ఫోను కూడా చెయ్యను. నాకు భయం వేస్తోందిరా. నువ్వు నన్ను ఎవరికీ పట్టివ్వవు, అది నాకు తెలుసు. నీ మొహమే పట్టిస్తుంది."

"అక్కా."

"పిల్ల ఫోను అడుగుతోంది. పెట్టేస్తున్నా."

అదే ఆఖరి మాట. బతికి ఉందో లేదో తెలియదు. ఉందనే అనుకుంటున్నాను. తెలియని నంబరు మోగితే ఇప్పటికీ చేతిలో పని వదిలేస్తాను. ఎత్తాలంటే భయం, ఎత్తకపోతే ఇంకా భయం.

బావ వారం తర్వాత వచ్చాడు. దుకాణంలో సామాను కడుతున్నాం అప్పుడు. స్టూలు మీద అట్టపెట్టెలు ఉంటే దించి కూర్చున్నాడు. చచ్చిపోయిన పిచ్చుకని బల్ల మీద పెట్టాడు.

"బస్సులో ఉండగా ఆగిపోయింది బామ్మర్దీ. పేట పేరు చదివే లోపల." మా ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఫర్లేదులే. పెద్ద ఊరే గానీ, దానికీ వీధులు ఇన్నేగా. ఒక్కొక్కటీ చూస్తాను. నాకేం తొందర."

జేబురుమాలుతో చేతులు తుడుచుకుని వెళ్ళాడు. ప్రతి నెలా వెళ్ళి వస్తున్నాడని విన్నాను.

ఫోన్లు కొన్నవాళ్ళలో గట్టిగా నిలదీసినవాళ్ళకి ఉన్నది అమ్మి కొంత ఇచ్చాను. మెతకవాళ్ళకి ఏమీ ఇవ్వలేదు, లోకం తీరే అంత. మాటలమూట తన లెక్క కింద కాగితాలు తన పేరున మార్పించుకున్నాడు. ఇప్పుడు అక్కడ వాడి మనిషి ఇంకో కొత్త సిస్టమ్ చవక ఫోన్లు అమ్ముతున్నాడు. ఖాతా అడుగుతుందా అని ఎవరో అడిగితే, "నాదే కొట్టేస్తాలే" అంటున్నాడట. నేను ఆ వీధిన పోను. మా గది తొమ్మిదడుగుల వెడల్పు, పదిహేనడుగుల లోతు, అంతా కలిపి పదిహేను గజాలు.